డ్యూటీ టెన్షన్ తగ్గించుకోవడం ఎలా: వార్డుల్లో పనిచేసే సిస్టర్ల కోసం

నర్సులకు స్ట్రెస్ ఎలా తగ్గుతుంది అని ఎవరిని అడిగినా యోగా చెయ్యండి, ధ్యానం చెయ్యండి, పాజిటివ్‌గా ఉండండి అంటారు. వాటి మీద నాకు కోపం లేదు, వాటి చోటు వాటికి ఉంది. కానీ నలభై పడకల వార్డులో రాత్రి ఇద్దరే సిస్టర్లు ఉండి, ఒక బెడ్ దగ్గర సెలైన్ అయిపోయి, ఇంకో బెడ్ దగ్గర అటెండెంట్ అరుస్తూ, అదే టైమ్‌కి క్యాజువాలిటీ నుంచి కొత్త అడ్మిషన్ స్ట్రెచర్ మీద వస్తుంటే, అక్కడ పుట్టే టెన్షన్ మన మనసు బలహీనంగా ఉండబట్టి పుట్టింది కాదు, అక్కడ పని అలా ఉంది. అందుకే ముందు పనిలో మార్చగలిగినవి మార్చాలి, తర్వాత ఒంటి సంగతి, ఆ తర్వాత మనసు సంగతి. ఈ వరసలోనే చెబుతాను. ఆంధ్ర, తెలంగాణ ఆసుపత్రుల్లో జనరల్ వార్డు, ఐసీయూ డ్యూటీలు చేసేవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను, ప్రైవేటైనా ప్రభుత్వమైనా చాలా విషయాలు ఒక్కటే.

ముందు ఒక వారం రాసి చూడండి

చిన్న పాకెట్ బుక్ చాలు. డ్యూటీ అయ్యాక, బట్టలు మార్చుకునే ముందు, ఈ రోజు నన్ను ఎక్కువ విసిగించింది ఏంటి, అది ఎన్ని గంటలకు జరిగింది అని రెండు లైన్లు రాయండి. "పని ఎక్కువ" అని రాస్తే ఉపయోగం లేదు. "పదకొండింటికి రౌండ్స్, మూడు డిశ్చార్జిలు, మందులు ఒకేసారి వచ్చిపడ్డాయి", "ఫార్మసీ నుంచి యాంటీబయాటిక్ రావడానికి గంటన్నర పట్టింది, తిట్లు నాకు పడ్డాయి" అని రాయండి. వారం తర్వాత చదివితే అవే రెండు మూడు విషయాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి. ఆ రెండు మూడింటి మీదే పనిచెయ్యాలి. సూపరింటెండెంట్ మేడం దగ్గరికి వెళ్ళినా "మాకు చాలా కష్టంగా ఉంది మేడం" అంటే సానుభూతి దొరుకుతుందేమో గానీ, "సోమవారం నుంచి శనివారం దాకా ఫార్మసీ ఆలస్యం నాలుగు సార్లు, టైములు ఇవీ" అంటే ఆవిడ కూడా పైవాళ్ళని అడగడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

హ్యాండోవర్ సరిగ్గా జరిగితే సగం తలనొప్పి పోతుంది

ఇంటికెళ్ళి అన్నం ముందు కూర్చోగానే ఫోన్: "సిస్టర్, పన్నెండో బెడ్ ఇంజెక్షన్ ఇచ్చారా, చార్ట్‌లో సైన్ లేదు." ఈ ఫోన్లు ఎంత మంది నిద్ర పాడుచేస్తాయో లెక్కలేదు. మందు ఇచ్చేశామని తెలిసినా, ఆ ఫోన్ వచ్చాక ఇంకో గంట మనసు వార్డులోనే ఉంటుంది. దీనికి మందు ఒక్కటే, హ్యాండోవర్, అంటే తర్వాతి షిఫ్ట్ సిస్టర్‌కి వార్డు అప్పగించడం, నర్సింగ్ స్టేషన్‌లో కూర్చుని కాకుండా ఇద్దరూ కలిసి బెడ్ దగ్గరికి వెళ్ళి చెయ్యడం. ప్రతి బెడ్ దగ్గర ఐవీ లైన్, క్యాథెటర్, డ్రెయిన్ కళ్ళతో చూడాలి, మందుల చార్ట్‌లో సైన్లు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోవాలి. బెడ్‌కి ఒక నిమిషం, సీరియస్ పేషెంట్‌కి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. బస్సు తప్పిపోతుందని తొందరపడితే ఆ నిమిషాలు రాత్రి ఫోన్ల రూపంలో మళ్ళీ వచ్చి కూర్చుంటాయి.

ఏం చెప్పాలి అనేదానికి ఎస్‌బార్ (SBAR) అనే పద్ధతి ఉంది. అమెరికా నేవీ సబ్‌మెరైన్లలో వాడిన పద్ధతిని అక్కడి కైజర్ పెర్మనెంటే ఆసుపత్రులవాళ్ళు వైద్యంలోకి తెచ్చారు, ఇప్పుడు చాలా దేశాల్లో నేర్పిస్తున్నారు. నాలుగే మాటలు: ఇప్పుడు ఏం జరుగుతోంది, వెనక కథ ఏంటి, నాకు ఏమనిపిస్తోంది, ఏం కావాలి. హ్యాండోవర్‌కే కాదు, అర్ధరాత్రి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యడానికి భయపడే జూనియర్ సిస్టర్లకి ఇది పెద్ద ఆధారం. "సర్, పేషెంట్ బాగాలేదు, ఒకసారి రండి" అంటే అవతలి నుంచి విసుగు వస్తుంది. ఇలా చెప్పి చూడండి: "సర్, సర్జికల్ వార్డ్ నుంచి మాట్లాడుతున్నాను. పద్నాలుగో బెడ్ పేషెంట్‌కి అరగంటలో బీపీ 110 నుంచి 84కి పడింది, పల్స్ 124. నిన్న మధ్యాహ్నం ఆపరేషన్ అయింది, డ్రెయిన్‌లో ఇప్పుడు ఫ్రెష్ బ్లడ్ వస్తోంది. బ్లీడింగ్ అనుకుంటున్నాను సర్. మీరు ఇప్పుడే వచ్చి చూడాలి, మీరు వచ్చేలోపు ఫ్లూయిడ్ ఎంత పెట్టమంటారు?" ఇలా మాట్లాడిన సిస్టర్ మీద అరవడం ఎవరికైనా కష్టం. ఫోన్‌లో ఆర్డర్ చెబితే తిరిగి చదివి వినిపించండి, టైమ్ వేసి రాసుకోండి, డాక్టర్ వచ్చాక సైన్ తీసుకోండి. రేపు ఏదైనా తేడా వస్తే మనల్ని కాపాడేది ఆ కాగితమే.

మందులు ఇచ్చే టైమ్‌లో ఎవరూ పిలవకూడదు

మందుల ట్రాలీ తోసుకుంటూ వెళ్ళే సిస్టర్‌ని ఒక రౌండ్‌లో ఎన్నిసార్లు ఆపుతారో చూడండి. "సిస్టర్ ఫ్యాన్ తిరగట్లేదు", "సిస్టర్ బిల్లు ఎంత అయింది", ఇంతలో ఫోన్. మందు తప్పిపోతుందేమో అనే భయం రోజంతా వెంటాడటానికి ఇదొక పెద్ద కారణం. వార్డులో ఇద్దరున్నా సరే ఒక ఒప్పందానికి రండి: ఒకరు మందులు ఇస్తున్నంతసేపు ఫోన్లు, పిలుపులు, అటెండెంట్లు అన్నీ రెండో ఆవిడ చూసుకుంటుంది, తర్వాతి రౌండ్‌లో మారతారు. కొన్ని దేశాల్లో ఆ టైమ్‌లో "మందులు ఇస్తున్నాను, ఆపవద్దు" అని రాసిన ఏప్రన్ వేసుకుంటారు. మనకి ఏప్రన్ అక్కర్లేదు, ట్రాలీకి తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక అట్ట కట్టినా పనిచేస్తుంది. ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ లాంటివి మాత్రం ఎంత తొందరలో ఉన్నా ఇద్దరు చూసి, ఇద్దరు సైన్ చేసి ఇవ్వాలి. ఇద్దరు చూశారన్న ధైర్యం ఉంటే ఇంటికెళ్ళాక కూడా నిద్ర పడుతుంది.

అటెండెంట్లతో

నన్నడిగితే మన దగ్గర నర్సులకు అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ ఇక్కడినుంచే. ఒక పేషెంట్‌తో ఊరి నుంచి నలుగురు వస్తారు, వాళ్ళకి నిద్ర లేదు, డబ్బు సర్దుబాటు కాలేదు, డాక్టర్ రెండు నిమిషాలు నిలబడి ఇంగ్లిష్‌లో ఏదో చెప్పి వెళ్ళిపోయారు. ఆ భయమంతా దగ్గర్లో ఉన్న సిస్టర్ మీద కోపంగా బయటికొస్తుంది. అది మన మీద కోపం కాదని తెలుసుకోవడం మంచిదే, కానీ తెలిసినంత మాత్రాన అరుపులు ఆగవు. ఆపాలంటే వాళ్ళు అడగకముందే మనమే చెప్పాలి.

షిఫ్ట్ మొదట్లో వార్డంతా ఒకసారి తిరగండి. "అమ్మా, నేను రాత్రి ఎనిమిదింటి దాకా ఉంటాను. ఆరింటికి ఇంజెక్షన్ ఉంది, ఏడింటికి డాక్టర్ గారు వస్తారు, రిపోర్టు ఇంకా రాలేదు, రాగానే నేనే వచ్చి చెప్తాను." బెడ్‌కి అరనిమిషం. ఇది చేసిన రోజుకి, చెయ్యని రోజుకి పిలుపుల్లో తేడా మీకే తెలుస్తుంది, ఎందుకంటే సగం మంది పిలిచేది మమ్మల్ని మర్చిపోయారేమో అన్న అనుమానంతోనే. అయితే చెప్తానన్నది చెప్పాలి, రిపోర్టు రాకపోతే రాలేదని అయినా వెళ్ళి చెప్పాలి.

డబ్బు, బిల్లు, స్కీము ప్రశ్నలకు మీరు జవాబు ఇవ్వకండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ అయినా, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ అయినా, స్కీము ఉన్న ఆసుపత్రిలో దాని హెల్ప్ డెస్క్ ఉంటుంది, "అన్నా, అది వాళ్ళు చూస్తారు, కింద ఫలానా చోట ఉంటారు" అని దారి చూపించండి. దయతో ఒకసారి బిల్లు గురించి ఏదో చెబితే, రేపు లెక్క తేడా వచ్చినప్పుడు "సిస్టరే చెప్పింది" అంటారు.

గొడవ పెద్దదయ్యేలా ఉంటే ఒంటరిగా నిలబడి వాదించకండి. గొంతు తగ్గించి మాట్లాడండి, ఆ కుటుంబంలో పెద్దవాళ్ళెవరో చూసి వాళ్ళతో మాట్లాడండి, మీకూ తలుపుకీ మధ్య ఎవరూ అడ్డం లేకుండా చూసుకోండి, ఇంకొక స్టాఫ్‌ని, సెక్యూరిటీని ముందే పిలవండి. చెయ్యి లేస్తే అది "ఆవేశంలో జరిగిపోయింది" అని సర్దుకునే విషయం కాదు. ఆసుపత్రి సిబ్బంది మీద దాడులకు సంబంధించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ప్రత్యేక చట్టం వచ్చింది, విభజన ముందుదే కాబట్టి తెలంగాణలోనూ ఉంది. డాక్టర్లతో పాటు నర్సులూ దాని కిందికి వస్తారు. మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల దాకా జరిమానా, నాన్ బెయిలబుల్. కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న జూనియర్ డాక్టర్ మీద అత్యాచారం, హత్య జరిగాక 2024 ఆగస్టులో కేంద్ర ఆరోగ్య శాఖ, కేంద్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో డ్యూటీలో ఉన్నవాళ్ళ మీద దాడి జరిగితే ఆరు గంటల్లోపు సంస్థే ఎఫ్ఐఆర్ వేయించాలని ఆదేశం ఇచ్చింది. మీది కేంద్ర ఆసుపత్రి కాకపోయినా, కేసు పెట్టాల్సింది యాజమాన్యం, దెబ్బలు తిన్న సిస్టర్ ఒంటరిగా స్టేషన్ చుట్టూ తిరగడం కాదు అని గట్టిగా అడగడానికి ఇది పనికొస్తుంది. బూతులు తిట్టినా సరే ఇన్సిడెంట్ రిపోర్ట్ రాయండి. రాయకపోతే అది జరగనట్టే లెక్క.

నైట్ డ్యూటీ

చాలా చోట్ల నైట్ అంటే రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది, పన్నెండు గంటలు. ఒళ్ళు దీనికి పూర్తిగా ఎప్పటికీ అలవాటు పడదు, దెబ్బ తగ్గించుకోవడమే మన చేతుల్లో ఉంది. మొదటి నైట్‌కి ముందు మధ్యాహ్నం గంటన్నర పడుకోండి, ఇంట్లో పని ఎంతున్నా. కడుపునిండా తినేది డ్యూటీకి వెళ్ళేముందే, అర్ధరాత్రి పెరుగన్నమో ఇడ్లీయో తేలికగా తినాలి. ఒంటిగంటకి అందరూ కలిసి బిర్యానీ తెప్పించుకుంటే సరదాగానే ఉంటుంది గానీ, మూడింటికి కళ్ళు మూతలు పడిపోతాయి. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు దాకా ఒంట్లో చురుకుదనం అట్టడుగున ఉంటుంది, తప్పులు జరిగే టైమ్ అదే, కాబట్టి లెక్కలు కట్టి కలపాల్సిన మందులు ఏవైనా ఉంటే ఆ టైమ్‌లో తప్పకుండా ఇంకొకరితో చూపించుకోండి. టీ, కాఫీ రాత్రి రెండు మూడు గంటల తర్వాత వద్దు. కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, ఐదింటికి తాగిన కాఫీ పొద్దున పదింటికి మీ పడక మీదే ఉంటుంది.

ఆసుపత్రి ఒప్పుకుంటే, పార్ట్‌నర్ సిస్టర్ వార్డు చూస్తుండగా ఇరవై నిమిషాల కునుకు తీయండి, అలారం పెట్టుకుని. ఎక్కువ పడుకుంటే లేచాక ఇంకా మొద్దుగా ఉంటుంది. మరొక మాట, చాలామంది బాత్‌రూమ్‌కి వెళ్ళే టైమ్ దొరకదని నీళ్ళు తాగడమే మానేస్తారు, యూరిన్ ఇన్ఫెక్షన్లు తెచ్చుకుంటారు. రోజూ పేషెంట్లకు ఇన్‌టేక్ అవుట్‌పుట్ రాసే మనమే ఇలా చేస్తున్నాం. రెండు గంటలకొకసారి "నేను రెండు నిమిషాల్లో వస్తాను" అని చెప్పి వెళ్ళండి, వార్డు పడిపోదు.

పొద్దున నిద్ర మత్తులో స్కూటీ నడపకండి, నైట్ రోజుల్లో బస్సో ఆటోనో మేలు. ఇంటికెళ్ళాక గదికి మందపాటి కర్టెన్, ఫోన్ సైలెంట్, అర్జెంటుకి ఒక్క నంబర్ మాత్రం మోగేలా పెట్టండి. ఇంట్లోవాళ్ళకి స్పష్టంగా చెప్పాలి: పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా నాకు రాత్రి. నైట్ చేసొచ్చిన మనిషి పగలంతా ఇంట్లోనే ఉంది కదా అని బట్టలు, వంట, పిల్లల స్కూలు అన్నీ ఆవిడ మీదే వేసే ఇళ్ళు చాలా ఉన్నాయి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. భర్త అయినా, అత్తగారైనా, ఎవరో ఒకరు ఆ పొద్దుటి పనులు తీసుకోవాల్సిందే, ఇందులో మొహమాటపడితే ఒళ్ళే పాడవుతుంది.

ఇన్‌ఛార్జిలకు, సూపరింటెండెంట్లకు

అక్కా, మేడం, రోస్టర్ మీ చేతిలో ఉంది. కింది సిస్టర్ల స్ట్రెస్‌లో చాలా భాగం ఆ కాగితం మీదే తయారవుతుంది. ఈవెనింగ్ డ్యూటీ ఎనిమిదింటికి అయిపోయి, హ్యాండోవర్ ఇచ్చి హాస్టల్ చేరేసరికి పది కొట్టిన అమ్మాయికి మర్నాడు మార్నింగ్ వెయ్యకండి. షిఫ్టులు మారాలంటే మార్నింగ్ తర్వాత ఈవెనింగ్, ఆ తర్వాత నైట్, ఈ దిశలో తిప్పితే ఒళ్ళు కొంచెం సులువుగా తట్టుకుంటుంది. నైట్లు వరసగా వారం వెయ్యడం కంటే రెండు మూడు వేసి ఆఫ్ ఇవ్వండి. రోస్టర్ కనీసం రెండు వారాల ముందు బోర్డు మీద పెట్టండి, మార్పు ఉంటే మనిషిని అడిగి మార్చండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో, సంక్రాంతికి ఎవరికి సెలవు అనే గొడవ ఏటా వస్తుంది, పోయినసారి ఎవరికి ఇచ్చారో రాసిపెట్టుకుంటే చాలావరకు తీరిపోతుంది.

మనుషుల సంఖ్య గురించి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ఉంది: టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు పేషెంట్లకు ఒక నర్సు, మిగతా ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, సెలవుల కోసం అదనంగా 30 శాతం. మన వార్డులు దీనికి ఎంత దూరంలో ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా ప్రతి నెలా ఏ షిఫ్టులో ఎందరు పేషెంట్లకు ఎందరు ఉన్నారో ఒక పట్టిక వేసి యాజమాన్యానికి రాతపూర్వకంగా ఇస్తూ ఉండండి. జీతం సంగతీ ఇంతే. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ, 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతం ఆ రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని, యాభై పడకల లోపు చిన్న ఆసుపత్రిలో కూడా నెలకు 20,000కి తగ్గకూడదని సిఫారసు చేసింది. నెలాఖరుకి అద్దె ఎలా కట్టాలో తెలియని మనిషికి స్ట్రెస్ మేనేజ్‌మెంట్ క్లాసు పెట్టి లాభం లేదు.

డాక్టరో, సీనియరో అందరి ముందూ అరిస్తే ఇన్‌ఛార్జి అక్కడే, అప్పుడే "సర్, లోపలికి వెళ్ళి మాట్లాడుకుందాం" అనగలగాలి. ఆ ఒక్క మాటకి వార్డులో అమ్మాయిలకి ఎంత ధైర్యం వస్తుందో చూడండి. ఇక చేతులు వెయ్యడం, వెకిలి మాటలు, రాత్రిపూట మెసేజ్‌లు, ఇవి టెన్షన్ లెక్కలోకి రావు, చట్టం లెక్కలోకి వస్తాయి. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, కమిటీయే లేకపోతే జిల్లా స్థాయి లోకల్ కమిటీకి ఇవ్వొచ్చు. మెసేజ్‌లు డిలీట్ చెయ్యకండి.

సూది గుచ్చుకుంటే

నొక్కి రక్తం తియ్యకండి, సబ్బు నీళ్ళతో కడగండి, వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్ఐవీ నివారణ మందు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం ఉండదు, కోర్సు 28 రోజులు. తిడతారని దాచిపెట్టి నెలల తరబడి భయంతో బతకడం కంటే చెప్పడమే ఎంతో నయం. హెపటైటిస్ బి మూడు డోసులు పూర్తి కాని వాళ్ళు ఈ వారమే కనుక్కోండి.

పేషెంట్ పోయినప్పుడు

నెల రోజులు చూసుకున్న పేషెంట్ పోతే, పది నిమిషాల్లో ఆ బెడ్ శుభ్రం చేసి కొత్త అడ్మిషన్ తీసుకోవాలి. ఏడవడానికి టైమ్ ఉండదు. చిన్నపిల్లల వార్డులో అయితే మరీ. ఆ రోజు షిఫ్ట్ చివర, ఆ కేసులో ఉన్నవాళ్ళంతా ఒక పది నిమిషాలు కూర్చోండి. ఏం జరిగింది, ఏది బాగా చేశాం, ఎవరికి ఎలా ఉంది, అంతే. తప్పు ఎవరిదని అక్కడ మాట్లాడకూడదు. మందులో పొరపాటు జరిగినప్పుడు కూడా ఆ సిస్టర్‌ని ఒంటరిగా ఇంటికి పంపకండి. పేషెంట్ తర్వాత దెబ్బ తినేది ఆ మనిషే. ఆల్బర్ట్ వూ అనే అమెరికా డాక్టర్ 2000లోనే వాళ్ళని రెండో బాధితులు అన్నారు. రిపోర్ట్ రాయడంలో పక్కన కూర్చోండి, రాత్రి ఒకసారి ఫోన్ చెయ్యండి, "తిన్నావా" అని అడగండి.

డ్యూటీ మధ్యలో గుండె దడగా, చేతులు వణుకుతుంటే: చేతులు కడుక్కునే చోట నిలబడి ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, దానికి రెట్టింపు సేపు వదలండి, ఐదారు సార్లు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. యోగా గురించి మొదట్లో అన్నాను కదా, రోజూ చెయ్యగలిగితే చెయ్యండి, నిద్ర మానుకుని మాత్రం వద్దు.

ఎప్పుడు సాయం అడగాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ని పని వల్ల వచ్చే స్థితిగా గుర్తించి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి పూర్తిగా అయిపోవడం, పని మీద విరక్తి పుట్టి దూరం జరగడం, నేను దేనికీ పనికిరాను అనిపించడం. మామూలు అలసట రెండు ఆఫ్‌లు వస్తే తగ్గుతుంది. సెలవు తీసుకున్నా తగ్గకపోతే, పేషెంట్ మూలుగుతున్నా ఏమీ అనిపించకపోతే, డ్యూటీ టైమ్ దగ్గరపడుతుంటే కడుపులో తిప్పుతుంటే, నిద్రకి వార్డులోని మాత్రలు గుర్తొస్తుంటే ఇక ఆగకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416, ఫ్రీ, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే చెయ్యండి, పక్కన ఉన్నవాళ్ళకి చెప్పండి, ఒంటరిగా ఉండకండి. ఫోన్ చేసినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే "నేను నర్సుని, ఇన్ని రోజులుగా నిద్ర పట్టట్లేదు" అని మొదలుపెట్టండి, మిగతావి వాళ్ళే అడుగుతారు. మీ ఆసుపత్రిలోనే సైకియాట్రిస్ట్ ఉన్నా, అక్కడ చూపించుకుంటే అందరికీ తెలుస్తుందని ఇబ్బందిగా ఉంటే వేరే ఆసుపత్రికి వెళ్ళండి. రూమ్‌మేట్‌నో, నమ్మకమున్న సీనియర్ అక్కనో తోడు తీసుకెళ్ళండి.